ఆటవిడుపు: ఎవరి పేక వారిదే

విజయనగరం నుంచి ఒక పెద్దావిడ ఇల్లా రాశారు: "అమెరికాలో డల్లాసులో ఉంటున్న మా మనవడికి పద్నాలుగేళ్ళు. ప్రతి శుక్రవారం సాయంత్రం వాళ్ళ నాన్న కారులో తీసుకువెళ్ళి ఒక దుకాణం దగ్గర దింపుతాడట. వీడు రాత్రి పది దాకా అక్కడ పేకాడి వస్తాడట. పోటీలో మూడోవాడుగా వచ్చాడని మా అమ్మాయి ఫోనులో గొప్పగా చెప్పుకుంటోంది. శుక్రవారం పూట, దీపాలు పెట్టే వేళ, పేకముక్కలేమిటండీ? మా మామగారు పేకాటలో రెండెకరాల మాగాణి పోగొట్టారు. ఆ సంగతి మా అమ్మాయి మరిచిపోయినట్టుంది. నేను మరిచిపోలేదు. ఇది జూదమా, కాదా? మీరైనా చెప్పండి."

అమ్మా, మీ భయం న్యాయమైనదే. రెండెకరాలు పోయిన ఇంట్లో పేక పేరు వింటే గుండె ఝల్లుమనదూ మరి! అంచేత "పరవాలేదు లెండి" అని ఒక్కమాటతో సరిపెట్టడం నాకిష్టం లేదు. ఆ ఆట ఏమిటో, అందులో బుద్ధి పాలెంతో, అదృష్టం పాలెంతో, డబ్బు పాలెంతో విడివిడిగా చెబుతాను. తీర్పు మీరే చెబుదురు గాని.

ఏమిటీ పేక?

శుక్రవారం, దుకాణం, పోటీ. ఈ మూడూ కలిశాయంటే మీ మనవడు ఆడేది చాలా మటుకు "మాజిక్, ది గాదరింగ్" అనే ఆటే అయివుండాలి. దాన్ని అచ్చు వేసే కంపెనీవారు 2000వ సంవత్సరం నుంచి దుకాణాలలో శుక్రవారం రాత్రి పోటీలు పెట్టించే ఏర్పాటు చేశారు. ఇందులో ఆసు, రాజు, రాణి, ఇస్పేటు, కళావరు ఉండవు. ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క బొమ్మ: ఒకదాని మీద రాక్షసుడు, ఒకదాని మీద అడవి, ఒకదాని మీద పిడుగు. బొమ్మ కింద ఆ ముక్క ఏం చేయగలదో నాలుగు వాక్యాలలో రాసి ఉంటుంది.

దీన్ని కల్పించిన రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కలు చదివినవాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. మొదట తాను తయారుచేసిన ఒక పెద్ద బల్లమీది ఆటను పీటర్ ఆడ్కిసన్ అనే చిన్న ప్రచురణకర్తకు చూపించాడు. అది అచ్చు వేయడానికి ఆయన దగ్గర అంత పెట్టుబడి లేదు. తక్కువ ఖర్చులో తయారై, సంచిలో పెట్టుకు వెళ్ళడానికి వీలై, కొద్దిసేపట్లో ముగిసే ఆట ఏదైనా కల్పించమన్నాడు. ఆ కోరికలోంచి పుట్టింది మాజిక్. 1993 ఆగస్టులో బజారులోకి వచ్చింది. తొలి ముద్రణ సుమారు 26 లక్షల ముక్కలు; అవి చూస్తూండగానే అయిపోయాయి. ఆ తరవాత వచ్చిందే మన పిల్లలకు కూడా తెలిసిన పోకెమాన్ పేక. అది 1996లో జపానులో మొదలైంది.

మన రమ్మీకీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. రమ్మీలో కట్ట ఉమ్మడి ఆస్తి. అందరూ దాంట్లోంచే ముక్కలు తీసుకోవాలి. మాజిక్‌లో అన్నదమ్ములు వేరుపడినట్టు ఎవరి కట్ట వారిదే. వేల రకాల ముక్కలలోంచి తనకు కావలసినవి ఏరుకుని, కట్ట కట్టుకుని మరీ పోటీకి వస్తాడు ఆటగాడు. అంటే ఆట సగం ఇంటి దగ్గరే జరిగిపోతుంది.

రాబడి, ఖర్చు

ఆటలో ఇద్దరికీ మొదట 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నా చేసినవాడు గెలిచినట్టు. ముక్కలు ముఖ్యంగా రెండు జాతులు: భూములు, మంత్రాలు. భూమి ముక్కను వంతుకొకటి చొప్పున బల్లమీద పెట్టుకుంటూ పోవాలి. వాటిని అడ్డంగా తిప్పితే శక్తి వస్తుంది. ఆ శక్తిని ఖర్చు పెడితేనే మంత్రాలు వేయడానికి వీలు. చిన్న మంత్రానికి ఒక భూమి చాలు. పెద్ద రాక్షసుణ్ణి దించాలంటే ఆరేడు కావాలి.

గృహిణులకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. భూములంటే రాబడి, మంత్రాలంటే ఖర్చు. రాబడి లేకుండా కోరికలే ఉంటే సంసారం నడవదు. రాబడి ఉండి వండుకునేందుకు ఏమీ లేకపోయినా కడుపు నిండదు. కొత్త ఆటగాళ్ళందరూ చేసేది ఒకటే: భూములు విసుగు పుట్టించే ముక్కలు గనక తగ్గించేస్తారు, మెరిసే రాక్షసులను దట్టిస్తారు. ఆడేసరికి చేతినిండా రాక్షసులే, దించడానికి జాగా లేదు.

పోటీలలో సాధారణంగా కట్టకు 60 ముక్కలకు తక్కువ ఉండకూడదు. అందులో 24 భూములు పెట్టుకోవడం చాలామంది అలవాటు. మొదట ఏడు ముక్కలు తీసుకోవాలి. లెక్క వేసి చూస్తే ఆ ఏడింటిలో రెండు నుంచి నాలుగు భూములు పడే అవకాశం నూటికి 77 సార్లు. ఒక్కటే పడడమో, అసలు పడకపోవడమో నూటికి 14 సార్లు. మిగతా సార్లు అయిదో, ఇంకా ఎక్కువో పడతాయి. అంటే ఎంత జాగ్రత్తగా కట్ట కట్టినా నాలుగు ఆటలకు ఒక ఆటలో చెయ్యి మొండికేస్తుంది. అప్పుడు ఆ ఏడూ కట్టలో కలిపేసి మళ్ళీ తీసుకోవచ్చు. కాని దానికి అపరాధం ఉంది: 2019 నాటి నిబంధన ప్రకారం కొత్తగా తీసిన ఏడింటిలోంచి ఒకటి కట్ట అడుగున పెట్టెయ్యాలి. రమ్మీలో ముక్కలు బాగా పడనప్పుడు డ్రాపు చెప్పి, కాసిని పాయింట్లు ఇచ్చుకుని బయటపడతామే, అల్లాంటిదే ఇదీ. చెయ్యి ఎప్పుడు వదులుకోవాలి, ఎప్పుడు ఓర్చుకోవాలి అన్న నిర్ణయంతోనే మంచి ఆటగాడు ఎవరో బయటపడిపోతుంది.

ఒకే రకం ముక్క కట్టలో నాలుగింటికి మించి ఉండకూడదని ఇంకొక నియమం. మామూలు భూములకు మాత్రం ఈ లెక్క లేదు. ఆట కొత్తలో ఈ కట్టడి లేక, దొరికినన్ని బలమైన ముక్కలు కుక్కేవారు. ఎవరి జేబు పెద్దదైతే వారిదే గెలుపు. 1994 నుంచి పోటీలకు ఈ నాలుగు ముక్కల హద్దు, కొన్ని ముక్కల మీద నిషేధం వచ్చాయి.

ఎత్తులు, పై ఎత్తులు

కట్టలు స్థూలంగా మూడు రకాలు. మొదటిది దూకుడు కట్ట: చౌక ముక్కలతో మొదటి వంతు నుంచీ మీదపడిపోతుంది. రెండోది నిలకడ కట్ట: ఎదుటివాడు వేసిందల్లా తుడిచిపెడుతూ, నెమ్మదిగా చివరికి ఒక్క దెబ్బ కొడుతుంది. మూడోది జోడింపు కట్ట: విడివిడిగా ఎందుకూ కొరగాని రెండు మూడు ముక్కలు ఒకచోట చేరాయంటే ఆట అక్కడితో సరి.

దూకుడు ఆటకు ఒక చరిత్ర ఉంది. 1996లో అట్లాంటాలో ఒక అర్హత పోటీకి పాల్ స్లై అనే ఆటగాడు ఎవరూ ఖాతరు చేయని ఎర్రరంగు చిల్లర ముక్కలు పట్టుకు వచ్చాడు. ఆ కట్ట వెనక ఆలోచన జే ష్నైడర్‌ది. మొదటి వంతులో ఒక భూమి ఖరీదు ముక్క, రెండో వంతులో రెండు భూముల ముక్క, ఇల్లా ఏ వంతులోనూ కాణీ శక్తి వృథా కాకుండా లెక్కకట్టి పేర్చాడు. ఖరీదైన ముక్కలు పట్టుకున్నవాళ్ళు భూములు కూడబెట్టుకునే లోపలే వాళ్ళ పని అయిపోయేది. పొదుపుగా నడిపిన చిన్న సంసారం దుబారా జమీందారును గెలవడమంటే ఇదే. ఇప్పటికీ ఆ పద్ధతి కట్టను ఆయన పేరుతోనే పిలుస్తారు.

దీనికి ఎదురుగా బ్రయన్ వైస్‌మన్ అనే ఆయన 1990ల మధ్యలో నిలకడ కట్టకు ఒక సూత్రం చెప్పాడు. నా ముక్క ఒకటి ఖర్చయి నీ ముక్కలు రెండు పోతే నాకు ఒక ముక్క లాభం. ఇల్లాంటి చిన్న లాభాలు నాలుగు చేరితే, కాసేపటికి నీ చెయ్యి ఖాళీ, నా చేతిలో ఇంకా నాలుగు. ఆ తరవాత గెలవడానికి తొందరేమిటి?

మైక్ ఫ్లోరెస్ అనే రచయిత 1999లో రాసిన వ్యాసమొకటి ఈ ఆటగాళ్ళకు పాఠ్యపుస్తకం లాంటిది. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: ప్రతి ఆటలోనూ ఒకరికి తొందర అవసరం, ఒకరికి ఆలస్యం అవసరం. నీవు ఏ పక్షమో పోల్చుకోలేకపోయావా, ఓడిపోయినట్టే. మన సివిలు దావాలు చూడండి. ఆస్తి చేతిలో ఉన్నవాడు వాయిదా కోరతాడు. లేనివాడు త్వరగా తీర్పు కావాలంటాడు. ఆస్తి చేతిలో పెట్టుకుని తొందరపడేవాడూ, చేతిలో ఏమీ లేక వాయిదాలు కోరేవాడూ ఇద్దరూ తెలివితక్కువవాళ్ళే. ఆటలో ఈ పక్షాలు మధ్యలో మారిపోతాయి కూడా. అది కనిపెట్టడంలోనే ఉంది కష్టమంతా.

ఇంకొక మెట్టు పైకి వెళదాం. కట్టుకున్న కట్ట మంచిదేనా అన్నది ఒక ప్రశ్న. రేపటి పోటీకి మిగతావాళ్ళు ఏమేమి పట్టుకు వస్తారన్నది దానికంటె పెద్ద ప్రశ్న. మన రైతు సంగతే చూడండి. కిందటేడు మిరపకు ధర బాగా పలికిందని ఊరంతా మిరప వేస్తే, ఈ ఏడు ధర పడిపోతుంది. ఊరంతా ఏం వేస్తుందో ముందు పసిగట్టి, వేరే పంట వేసినవాడు బాగుపడతాడు. పోటీలోనూ అంతే. కిందటి వారం దూకుడు కట్ట గెలిచిందంటే ఈ వారం సగంమంది దానితోనే వస్తారు. దాన్ని ఆపే కట్టతో వచ్చినవాడిదే పైచేయి. అతన్ని చూచి పైవారం ఇంకొకడు ఇంకొకటి తెస్తాడు. ఈ చక్రానికి అంతం లేదు.

ఊహ తప్పితే? అందుకనే 15 ముక్కల అదనపు కట్ట ఒకటి పక్కన ఉంచుకోనిస్తారు. మూడు ఆటలలో రెండు గెలవాలన్నది నియమం. మొదటి ఆటయ్యాక ఎదుటివాడి సరుకు తెలిసిపోతుంది గనక, దానికి విరుగుడు ముక్కలు ఆ పదిహేనులోంచి తెచ్చి కట్టలో మార్చుకోవచ్చు.

పోటీ నడిచే తీరు

ఒక్క ఓటమితో ఇంటికి పంపేస్తే, చెయ్యి మొండికేసిన పాపానికి మంచి ఆటగాడు కూడా మొదటి గంటలోనే వెళ్ళిపోతాడు. అంచేత చదరంగం నుంచి స్విస్ పద్ధతి తెచ్చుకున్నారు. 1895లో జూరిచ్ చదరంగం పోటీలో మొదట వాడారు గనక దానికి ఆ పేరు. ఎవర్నీ పంపరు. గెలిచినవాడికి 3 పాయింట్లు, సమంగా ముగిస్తే 1, ఓడితే సున్నా. ప్రతి వరసలోనూ సమానమైన పాయింట్లు ఉన్నవాళ్ళకే జోడీ కుదురుస్తారు. ఎనిమిదిమందికి మూడు వరసలు చాలు: మూడూ గెలిచినవాడు ఒక్కడే మిగులుతాడు. 128 మందికి ఏడు వరసలు. పెద్ద పోటీలలో చివరికి పైన తేలిన ఎనిమిదిమంది మధ్య ఓడినవాడు తప్పుకునే పద్ధతిలో తుదిపోటీ జరుగుతుంది. 2015లో లాస్ వేగాస్‌లో జరిగిన ఒక పోటీకి ఏడున్నర వేలమంది పైచిలుకు కూర్చున్నారంటే, మన తిరునాళ్ళే అనుకోండి.

ఒక్కొక్క వరసకు 50 నిమిషాలు గడువు. సందేహం వస్తే చెయ్యెత్తగానే న్యాయనిర్ణేత వస్తాడు. పోటీలో ఎదుటివాడి కట్ట మీరు కూడా కలపవచ్చు. మన పేకాటలో కోత అడిగినట్టే, తప్పు పట్టుకోవడానికేమీ లేదు. ఒక విషయం మీరు ప్రత్యేకంగా గమనించాలమ్మా: ఆట మీద పందెం కాయడం, బహుమతిలో వాటా ఇస్తాను ఓడిపొమ్మని బేరమాడడం, ఆడకుండా పాచిక వేసి గెలుపు తేల్చుకోవడం ఈ పోటీలలో నేరాలు. తెలిస్తే శిక్ష తప్పదు.

మొదటి ప్రపంచ పోటీ 1994లో మిల్వాకీలో జరిగింది. జాక్ డోలన్ అనే అమెరికను గెలిచాడు. డబ్బు బహుమతులతో వృత్తి ఆటగాళ్ళ పోటీలు 1996 ఫిబ్రవరిలో న్యూయార్కులో మొదలయ్యాయి. అప్పటినుంచి వినబడిన పేర్లలో జర్మనీకి చెందిన కై బుడ్డె, అమెరికాకు చెందిన జాన్ ఫింకెల్ ముఖ్యులు. బుడ్డె 1999లో, ఫింకెల్ 2000లో ప్రపంచ విజేతలు. వృత్తి పోటీలలో బుడ్డె ఏడుసార్లు ప్రథముడుగా నిలిచాడు.

అదృష్టమా, బుద్ధా?

ఏడుసార్లు ఒక్కడే నెగ్గాడంటే అది వట్టి అదృష్టం కాదని తేలిపోయింది గదా. కాని అంతటి మొనగాళ్ళు కూడా పై స్థాయి పోటీలలో నూటికి అరవై చిల్లర మాత్రమే గెలిచారు. తక్కినవి ఓడినవే. ఈ లెక్క కాస్త చూడండి. ఒక్క ఆటలో నూటికి 60 గెలవగల నేర్పరి, మూడింట రెండు గెలవాలన్న నియమం వల్ల జోడీలో నూటికి 65 గెలుస్తాడు. ఏడు వరసలూ వరసగా గెలవగలిగేది మాత్రం ఇరవైసార్లకు ఒక్కసారి. నేర్పు లేనివాడు, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టు ఆడేవాడు, 128 సార్లకు ఒక్కసారి. నేర్పు ఉందని ఈ రెండు అంకెలూ చెబుతున్నాయి. నేర్పున్నా పందొమ్మిదిసార్లు ఎక్కడో ఒకచోట ఓడక తప్పదనీ అవే చెబుతున్నాయి.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. సికిందరాబాదులో ఒక క్లబ్బు మీద రమ్మీ ఆడిస్తున్నారని కేసు పెడితే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రాలే ముక్కలు గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి గనక రమ్మీలో నేర్పే ప్రధానమని 1967 నవంబరులో న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. మూడుముక్కలాటతో దాన్ని జమకట్టకూడదన్నారు. అయితే పందెపు సొమ్ములోంచి ఆడించేవాడు లాభం తీస్తే సంగతి వేరని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే ఆటలో నేర్పుంటే చాలదు. డబ్బు ఎటు నడుస్తున్నదీ చూడాలన్నమాట.

అసలు భయపడవలసిన చోటు

ఆ డబ్బు దగ్గరకే వస్తున్నాను. మీ మనవడు బల్ల దగ్గర కూర్చుని చేసేది జూదం కాదమ్మా. ప్రవేశ రుసుం కడతాడు, ఆడతాడు, గెలిస్తే బహుమతి. చదరంగం పోటీకీ దీనికీ తేడా లేదు. జూదం వాసన ఉన్నదల్లా దుకాణం గల్లాపెట్టె దగ్గర. ఈ ముక్కలు మూసిన పొట్లాలలో అమ్ముతారు. లోపల ఏముందో విప్పేదాకా తెలియదు. నూరు రూపాయల పొట్లంలో అయిదు రూపాయల సరుకు ఉండవచ్చు, అయిదువేల ముక్క ఉండవచ్చు. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అనే ఆశ పుట్టేది అక్కడ. మీ మామగారిని పట్టుకున్నదీ ఆ ఆశే గదా!

దానికి తోడు కథలు వినిపిస్తాయి. 1993 నాటి "బ్లాక్ లోటస్" అనే ముక్క ఒకటి 2021లో వేలంలో అయిదు లక్షల డాలర్లు దాటింది. 2023లో ప్రపంచంలో ఒక్కటే అచ్చువేసిన ముక్కను ఒక పాటగాడు కొన్నాడు. ధర ఇరవై లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. నిజమే. లాటరీ తగిలినవాడి ఫొటో కూడా నిజమే. కోట్లకొద్దీ ముక్కల్లో తక్కినవన్నీ చిత్తుకాగితాల ధర పలుకుతాయన్నది అంతకంటె పెద్ద నిజం.

అంచేత పిల్లల తలిదండ్రులు పాటించవలసినవి:

పోటీకి కావలసిన ముక్కను పేరుతో అడిగి విడిగా కొనండి. ధర తెలుస్తుంది, హద్దు తెలుస్తుంది. పొట్లాలు విప్పి వెతకడం గడ్డివాములో సూదికోసం డబ్బు తగలెయ్యడమే.

పొట్లాలు విప్పాలన్న సరదా ఉంటే పంచుకునే పోటీకి పంపండి. ఎనిమిదిమంది కూర్చుని తలా మూడు పొట్లాలు తీసుకుంటారు. ప్రతివాడూ పొట్లం విప్పి, ఒక ముక్క ఉంచుకుని, మిగతావి పక్కవాడికి అందిస్తాడు. అల్లా ఏరుకున్నవాటితోనే 40 ముక్కల కట్ట కట్టి ఆడాలి. అందులో జేబు బలం చెల్లదు.

ఇంట్లో సాధనకు అసలు ముక్కలే అక్కరలేదు. కాగితం చీటీల మీద పేర్లు రాసుకుని ఆడుకోవచ్చు.

నెలకింత అని ఇచ్చి, దాని లెక్క పిల్లవాడి చేతనే రాయించండి. "ఇది పెట్టుబడి, ముందు ముందు ధర పెరుగుతుంది" అన్నాడంటే మాత్రం ఆ నెల డబ్బు ఆపండి.

ఓడి వచ్చినప్పుడు ఏమంటాడో వినండి. ఎప్పుడూ "నాకు ముక్కలు పడలేదు" అన్నాడంటే ఆట వాడికేమీ నేర్పలేదు. "ముక్కలు బాగానే పడ్డాయి, మూడో వంతులో నేనే తొందరపడ్డాను" అన్నాడంటే ఆ శుక్రవారం వృథా పోలేదు. మంచి నిర్ణయం చేసి ఓడవచ్చు, చెడ్డ నిర్ణయం చేసి గెలవవచ్చు. ఈ రెండింటికీ తేడా పద్నాలుగో ఏట తెలిసినవాడు నలభయ్యో ఏట ఆస్తులు పందెం కాయడని నా నమ్మకం.

ఆదివారం సరదా

ఇంట్లో మామూలు పేక కట్టలు రెండుంటే పిల్లల చేత ఇది చేయించండి. ఎర్రముక్కలు 24, నల్లముక్కలు 36 తీసి బాగా కలపండి. ఎర్రవి భూములు, నల్లవి మంత్రాలు అనుకోండి. పైనుంచి ఏడు ముక్కలు తీసి ఎర్రవి ఎన్ని పడ్డాయో రాసుకుని, అన్నీ మళ్ళీ కలిపేయండి. ఇల్లా ఇరవైసార్లు. రెండు, మూడు, నాలుగు ఎర్రవి పడ్డవి పదిహేనుసార్లకు అటూ ఇటూగా వస్తాయి. తరవాత ఎర్రవి 16కు తగ్గించి, వాటి బదులు నల్లవి చేర్చి మళ్ళీ చేయించండి. రాబడి తగ్గిన ఇల్లు ఎల్లా ఉంటుందో పిల్లలకు మీరు చెప్పనక్కరలేదు.

వచ్చే వారం మన పులిజూదం: మూడు పులులూ పదిహేను మేకలూ. అందులో మేకల పక్షం వహించి గెలవడమెల్లాగో చూద్దాం.